చెకుముకి రాయితో జింక వేట: పెన్సిల్వేనియా చలికాలం సీజన్ గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారమండీ. వెనక వరసలో వినపడుతోందా? సరే, మైక్ కొంచెం దగ్గరికి లాక్కుంటా.

క్రిస్మస్ అయిన మర్నాడు, డిసెంబర్ 26న, అమెరికాలో మనముండే ఈ పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక వేట సీజన్ మొదలై జనవరి సగం దాటేదాకా నడుస్తుంది. నవంబర్ చివర్లో థాంక్స్‌గివింగ్ పండగ తర్వాత వచ్చే రైఫిల్ సీజన్ మీకందరికీ తెలిసిందే, ఆఫీసులో సగం మంది లీవు పెడతారు, పల్లెల వైపు కొన్ని స్కూళ్ళకి కూడా సెలవిస్తారు. ఈ డిసెంబర్ సీజన్ గురించి మాత్రం మనవాళ్ళలో పెద్దగా ఎవరికీ తెలీదు. దీన్ని ఫ్లింట్‌లాక్ సీజన్ అంటారు. అంటే తూటా పెట్టి కాల్చే తుపాకీ కాదు, మూతి లోంచి మందు పోసి, గుండు దించి, చెకుముకి రాయి కొట్టిన నిప్పురవ్వతో పేల్చే తుపాకీ. ఒకసారి పేలిస్తే మళ్ళీ మొదట్నించీ మొదలుపెట్టాలి. నేను ఈరోజు దీని గురించే మాట్లాడతా, ఎందుకంటే ఈ దేశంలో వేట గురించి నాకు అర్థమైనదంతా ఈ సీజన్ నించే అర్థమైంది.

దానికన్నా ముందు ఒక విషయం స్పష్టంగా చెప్పేస్తా. ఇది ఇక్కడి మాట. ఇండియాలో మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకని కానీ దుప్పిని కానీ కణితిని కానీ వేటాడటం నేరం, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు, అక్కడ నాటు తుపాకీ పట్టుకుని అడవిలోకి పోయేవాడు దొంగే, వాణ్ణి నేను వేటగాడు అనను. అక్కడున్న పరిస్థితి వేరు, అక్కడ మిగిలినవి కొన్నే, వాటిని కాపాడుకోవాలి. ఇక్కడ సమస్య దానికి తిరగబడి ఉంది.

ఎలా తిరగబడిందో చెప్తా. 1900 ప్రాంతానికి పెన్సిల్వేనియాలో జింక కనపడటమే గగనమైపోయింది. అడవులు కొండలకి కొండలే నరికేశారు, మాంసం అమ్ముకోడానికి ఏడాది పొడుగునా చంపారు, తోడేళ్ళూ కూగర్లూ కూడా అయిపోయాయి. 1895లో గేమ్ కమిషన్ అని వేట, వన్యప్రాణుల వ్యవహారాలు చూసే రాష్ట్ర సంస్థ పెట్టారు, 1906 నించి మిషిగన్ లాంటి రాష్ట్రాల నించి జింకల్ని తెచ్చి ఇక్కడ వదిలారు, మగ జింకల్ని తప్ప చంపకూడదన్నారు, నరికిన అడవి మళ్ళీ చిగురేస్తుంటే లేత మేత దొరికింది, ఇంకేముంది, ఇరవై ముప్పై ఏళ్ళల్లో మందలు మందలు. వాటిని తినే తోడేళ్ళూ కూగర్లూ మాత్రం మళ్ళీ రాలేదు. ఇప్పుడు రాష్ట్రంలో 15 లక్షల దాకా ఉంటాయని అంచనా. మీరు అడవిలో ట్రైల్ మీద నడిచినప్పుడు ఒకసారి కిందకి చూడండి. పెద్ద చెట్లుంటాయి, నేల మీద ఫెర్న్ అనే ఆకుమొక్క ఉంటుంది, మధ్యలో ఏమీ ఉండదు. ఓక్ మొలకలు ఉండవు, ట్రిలియం పూలు ఉండవు, అవన్నీ జింకలు మేసేసినవి, ఫెర్న్ వాటికి నచ్చదు కాబట్టి అది మిగిలింది. ఆ పెద్ద చెట్లు పడిపోతే వాటి చోట నిలబడే పిల్ల చెట్టు లేదు. కార్లకి అడ్డం పడి చచ్చేవి వేరే లెక్క, ఇక్కడ కూర్చున్నవాళ్ళలో బంపర్ మార్పించుకున్నవాళ్ళు ఉండే ఉంటారు.

ఇంకోటి, ఇది మనవాళ్ళకి చెప్తే ఆశ్చర్యపోతారు. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం అని వచ్చింది, దాని ప్రకారం రైఫిళ్ళ మీదా మందుగుండు మీదా 11 శాతం పన్ను వేసి ఆ డబ్బు రాష్ట్రాలకి ముఖ్యంగా వన్యప్రాణుల కోసం ఇస్తారు. ఇక్కడ స్టేట్ గేమ్ ల్యాండ్స్ అని గేమ్ కమిషన్ భూమి 15 లక్షల ఎకరాలు ఉంది, మొదటిది 1920లో కొన్నారు, అందులో చాలా భాగం వేటగాళ్ళు లైసెన్సులకి కట్టిన డబ్బుతో కొన్నదే.

సరే, తుపాకీ దగ్గరికి వద్దాం.

లాంకాస్టర్ మీలో చాలామంది చూసే ఉంటారు, గుర్రబ్బళ్ళ మీద తిరుగుతూ పాతకాలం పద్ధతిలో బతికే ఆమిష్ వాళ్ళని చూపిస్తామని ఇండియా నించి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తాం కదా, అదే. 1700ల్లో జర్మనీ నించి వచ్చిన కమ్మరులు ఆ చుట్టుపక్కల స్థిరపడ్డారు. వాళ్ళ దేశంలో యేగర్ అని పొట్టి బరువు రైఫిల్ ఉండేది, దాన్ని ఇక్కడి అడవికి తగ్గట్టు మార్చుకుంటూ పోయారు. బ్యారెల్ నలభై అంగుళాలు దాటించారు, సన్నగా చేశారు, గుండు సైజు తగ్గించారు, చారలు చారలుగా ఉండే మేపుల్ కర్రతో భుజానికి ఆనించే భాగం చేశారు. సీసం, మందు రెండూ ఖరీదే కదా, నెలల తరబడి అడవిలో తిరిగేవాడికి తక్కువతో ఎక్కువ పని అవ్వాలి. అదే పెన్సిల్వేనియా లాంగ్ రైఫిల్, జనం తర్వాత కెంటకీ రైఫిల్ అని పిలిచారు కానీ పుట్టింది మాత్రం ఇక్కడే. అందుకే 1974లో గేమ్ కమిషన్ మజిల్‌లోడర్ సీజన్, అంటే మూతి లోంచి నింపే తుపాకుల సీజన్, పెట్టినప్పుడు ఫ్లింట్‌లాక్ అయితేనే అన్నారు. మొదట్లో కొద్ది రోజులు, కొన్ని గేమ్ ల్యాండ్స్‌లో మాత్రమే. తర్వాత రాష్ట్రమంతా అయింది, రోజులు పెరిగాయి, చెకుముకి రాయి మాత్రం మారలేదు.

ఇక మందు. చిన్నప్పుడు దీపావళికి ఇంట్లో చిచ్చుబుడ్లు కూరినవాళ్ళు ఇక్కడ ఉన్నారా? చేతులెత్తండి... ఉన్నారు, బావుంది. మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, సురేకారం, గంధకం, బొగ్గు. ఇదీ అవే మూడు. నూటికి 75 పాళ్ళు సురేకారం, 15 బొగ్గు, 10 గంధకం. ఇందులో సురేకారానికి మన దేశంతో చాలా దగ్గర సంబంధం ఉంది. రెండు మూడొందల ఏళ్ళ పాటు ప్రపంచంలో మంచి సురేకారం అంటే బీహార్‌దే, పాట్నా చుట్టూ పల్లెల్లో ఉప్పు పేరుకున్న మట్టిని గీకి, నీళ్ళల్లో కరిగించి, కాచి తీసేవాళ్ళు, దాన్ని ఈస్ట్ ఇండియా కంపెనీ ఓడల్లో తరలించుకుపోయేది. ఇక్కడ పక్కనే డెలవేర్‌లో బ్రాండీవైన్ ఏటి ఒడ్డున డ్యూపాంట్ కుటుంబం వాళ్ళు 1802లో తుపాకీ మందు మిల్లు పెట్టారు, ఆ మిల్లు ఇప్పటికీ మ్యూజియంగా ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళండి. 1861లో సివిల్ వార్, అంటే అమెరికా అంతర్యుద్ధం, మొదలయ్యాక ఉత్తరాది రాష్ట్రాల యూనియన్ ప్రభుత్వం లామో డ్యూపాంట్‌ని ఇంగ్లండ్ పంపింది, అక్కడ దొరికినంత సురేకారం కొనెయ్యమని. ఆయన కొన్నాడు, ఈలోగా ట్రెంట్ అనే బ్రిటిష్ ఓడని యూనియన్ నౌకాదళం ఆపిన గొడవ వచ్చి బ్రిటన్ ఎగుమతి ఆపేసింది, ఆ గొడవ తేలాకే సరుకు కదిలింది. ఆ సురేకారం మన దేశం మట్టిలోంచి తీసింది. ఎవరో బీహార్ రైతుకూలీ గీకిన మట్టి ఆ యుద్ధంలో పెద్ద పోరు జరిగిన గెటిస్‌బర్గ్‌లో పేలి ఉండొచ్చు. స్కూల్లో మాకెవరూ ఇది చెప్పలేదు, నాకు తెలిసినప్పుడు చాలా సేపు ఆ ఆలోచనలోనే ఉండిపోయా.

ఇప్పుడు లోడ్ చెయ్యటం. ఇది కొంచెం నిదానంగా చెప్తా, ఎందుకంటే వేట అంతా ఇక్కడే ఉంది.

నాది .50 క్యాలిబర్, అంటే బ్యారెల్ లోపల అర అంగుళం. గుండు .490, అంటే బ్యారెల్ కన్నా ఒక్క పిసరు చిన్నది, స్వచ్ఛమైన సీసం, సుమారు పదకొండున్నర గ్రాములు. మందు నిలవ ఉంచుకునే కొమ్ములోంచి ముందు కొలత గిన్నెలోకి పొయ్యాలి, అందులోంచి బ్యారెల్‌లోకి. కొమ్ము తిన్నగా మూతికి పెట్టి ఎప్పుడూ పొయ్యకూడదు, ముందు షాట్ తాలూకు నిప్పు కణం లోపల మిగిలుంటే కొమ్ము మొత్తం చేతిలోనే పేలుతుంది. మందు పోశాక మూతి మీద దట్టమైన నూలు గుడ్డ ముక్క, దానికి జిడ్డు రాసి ఉంటుంది, దీన్ని ప్యాచ్ అంటారు, దాని మీద గుండు. నొక్కి, రామ్‌రాడ్ అనే పొడుగు కడ్డీతో చివరి దాకా దించాలి. మందుకీ గుండుకీ మధ్య సందు ఉండకూడదు, ఉంటే బ్యారెల్ చీలిపోవచ్చు. అందుకని రామ్‌రాడ్ మీద గీతలు పెట్టుకుంటాం, తుపాకీ ఖాళీగా ఉంటే ఇక్కడిదాకా, నిండుగా ఉంటే ఇక్కడిదాకా అని. ఆ గీత చూడకుండా ముందుకి పోకూడదు.

తర్వాత పక్కన చిన్న ప్యాన్ ఉంటుంది, అందులో ఇంకా మెత్తటి మందు, రంజకం, చిటికెడు. మూత వెయ్యాలి. ట్రిగ్గర్ నొక్కితే చెకుముకి రాయి వచ్చి ఫ్రిజెన్ అనే ఉక్కు పలకని గీరుతుంది. రవ్వలు రాలేది రాయిలోంచి అనుకుంటారు చాలామంది, కాదు, రాయి ఉక్కుని గీకితే ఆ సన్నటి ఉక్కు పొట్టు గాలిలో మండుతుంది, రవ్వ అంటే అది. అది రంజకం మీద పడి భగ్గుమంటుంది, ఆ మంట పక్కనున్న సన్న బెజ్జంలోంచి లోపలికి పోయి అసలు మందుని అంటిస్తుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపే, కానీ తెలుస్తుంది మనకి. ముందు కంటి పక్కన మంట, తర్వాత చప్పుడు. ఆ రెంటి మధ్యలో తుపాకీ కదిలిందా, గుండు ఎక్కడికో పోతుంది. మొహం పక్కన మంట లేస్తుంటే కన్ను ఆర్పకుండా, భుజం బిగించకుండా, గురి మీదే ఉండిపోవటం, ఇది నేర్చుకోడానికి ఎండాకాలమంతా రేంజ్‌కి పోవాల్సిందే, దీనికి షార్ట్‌కట్ లేదు. ఒక్కోసారి రంజకం మండి అసలు మందు అంటుకోదు. అప్పుడు తుపాకీ దించకూడదు, మూతి అటే పెట్టి ఒక నిమిషం అలాగే ఉండాలి, లేటుగా పేలొచ్చు.

ఈ మంట గొడవ పాతదే. స్కాట్లాండ్‌లో అలెగ్జాండర్ ఫోర్సిత్ అని ఒక పాస్టరు గారు ఉండేవారు, పక్షుల వేట ఇష్టం ఆయనకి. ప్యాన్‌లో మంట కనపడగానే పక్షులు ఎగిరిపోతున్నాయని, మంట బయటికి కనపడకుండా దెబ్బకి పేలే రసాయనంతో లాక్ తయారుచేసి 1807లో పేటెంట్ తీసుకున్నారు. అక్కణ్ణించి పర్కషన్ క్యాప్, అంటే దెబ్బ తగిలితే పేలే చిన్న లోహపు టోపీ, అక్కణ్ణించి ఇప్పటి తూటా. 1985లో మిసోరీలో టోనీ నైట్ అనే ఆయన ఇన్‌లైన్ మజిల్‌లోడర్ తెచ్చాడు, ఎంకే-85 అని, అది మూతి లోంచే నింపుతారు కానీ క్యాప్ వెనక నించి తిన్నగా కొడుతుంది, వానకి తడవదు, స్కోప్ పెడితే రెండొందల గజాలు దాకా కొడతారు. ఇక్కడ అక్టోబర్‌లో ఆడ జింకలకి మజిల్‌లోడర్ సీజన్ ఉంది, అందులో వాటిని వాడొచ్చు. వాడేవాళ్ళని నేను తప్పు పట్టను. కానీ నా అభిప్రాయం అడిగితే, అంత దూరం నించి అంత సులువుగా కొట్టగలిగితే అది ఒక గుండు పట్టే మామూలు రైఫిలే, మూతి లోంచి నింపాలన్న నియమం పెట్టుకోవడంలో అర్థం పోతుంది.

ఎందుకంటే గుండ్రటి సీసం గుండుకి యాభై, అరవై, మహా అయితే డెబ్బై ఐదు గజాలు. నా చేతికైతే యాభై. అంత దగ్గరికి జింక రావాలి, లేదా దాని దగ్గరికి మనం పోవాలి. అది కూడా జనవరిలో. అప్పటికి ఆర్చరీ వాళ్ళు, రైఫిల్ వాళ్ళు నెలల తరబడి తరిమి తరిమి ఉంటారు, మిగిలిన జింక ప్రతి చప్పుడుకీ తోకెత్తుతుంది. ఆకులన్నీ రాలిపోయి ఉంటాయి, మనం దానికి ఎంత దూరం నించైనా కనపడతాం. మౌంటెన్ లారెల్ పొదల్లో, హెమ్లాక్ చెట్ల కింద మంచు తక్కువ పడేచోట పడుకుంటాయి, ఎండ తగిలే దక్షిణం వైపు వాలుల్లో మేస్తాయి. మంచు పడితే అడుగులు దొరుకుతాయి, పది అడుగులు వెయ్యటం, ఆగి చూడటం, మళ్ళీ పది అడుగులు. జింక మొత్తంగా ఎప్పుడూ కనపడదు, నిలువు చెట్ల మధ్యలో ఒక అడ్డగీత కనపడుతుంది, అది వీపు. లేకపోతే చెవి ఆడిస్తుంది.

అలా కనపడిన తర్వాత జరిగేది చాలావరకు ఏంటంటే, కాల్చకుండా ఉండటం. మధ్యలో కొమ్మ ఉంది, వద్దు. ఎదురుగా చూస్తోంది, పక్కకి తిరగలేదు, వద్దు. ఎనభై గజాలుంది, వద్దు. నడుస్తోంది, వద్దు. వెనకాల ఏముందో తెలీదు, అస్సలు వద్దు. ముందు కాలు వెనక, ఊపిరితిత్తుల మీద గుండు పడేలా పక్కకి నిలబడి, కదలకుండా, దగ్గర్లో ఉంటేనే. చేతిలో ఐదు తూటాల రైఫిల్ ఉన్నవాడికి మొదటిది తప్పితే రెండోది ఉందన్న ధైర్యం ఉంటుంది. ఆ ధైర్యమే కాళ్ళు విరిగి కుంటుకుంటూ పోయి చచ్చే జింకలకి కారణం. ఈ తుపాకీ ఆ ధైర్యం మనకి ఇవ్వదు, అందుకే నాకు దీని మీద అంత గౌరవం. చంపటానికి వెళ్ళినవాడు ఆ జంతువుకి బాకీ ఉన్నది ఒకటే, బాధ పెట్టకుండా త్వరగా పోయేట్టు చూడటం. అది కుదరదని ఏమాత్రం అనిపించినా రాయి పట్టుకుని ఉండే హేమర్ దించేసి ఇంటికి రావాలి, సీజన్ మొత్తం ఒక్కటి కూడా కాల్చకుండా అయిపోయినా ఫరవాలేదు, చాలామందికి అలాగే అవుతుంది కూడా.

పేల్చాక తెల్లటి పొగ కమ్మేస్తుంది, జింక ఎటు పోయిందో కనపడదు. ఒంగి పొగ కింద నించి చూడాలి, చివరిగా ఎక్కడ నిలబడిందో ఏదో ఒక చెట్టు గుర్తు పెట్టుకోవాలి. వెంటనే పరిగెత్తకూడదు. నిలబడ్డచోటే మళ్ళీ లోడ్ చేసుకుని అరగంట ఆగాలి. తర్వాత రక్తం చూసుకుంటూ పోవాలి, నురగలా బుడగలుంటే ఊపిరితిత్తులకి తగిలినట్టు, దగ్గర్లోనే దొరుకుతుంది. దొరికేదాకా వదలకూడదు, చీకటి పడినా టార్చి వేసుకుని వెతకాలి. దొరికాక కదిపేముందే ట్యాగ్ రాసి చెవికి కట్టాలి, పది రోజుల్లోపు గేమ్ కమిషన్‌కి రిపోర్ట్ చెయ్యాలి.

ఇంకో ముఖ్యమైన మాట, క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని జింకల మెదడుకి వచ్చే జబ్బు ఉంది, 2012లో ఈ రాష్ట్రంలో బయటపడింది. ఆ జబ్బున్న ఏరియాల నించి తలకాయ, వెన్నెముక బయటికి తేకూడదు. తలకాయ కూర ఇష్టమైనవాళ్ళు దయచేసి ఇక్కడ ఆ ఆశ వదులుకోండి. తల టెస్టుకి ఇవ్వొచ్చు, డబ్బాలు పెడతారు, రిజల్ట్ వచ్చాక వండుకోండి.

మాంసం సంగతి క్లుప్తంగా చెప్తా. కొవ్వు ఉండదు, ఉన్న తెల్ల కొవ్వు నాలుకకి మైనంలా అంటుకుంటుంది, మొత్తం తీసెయ్యాలి, పైనుండే వెండి పొర కూడా తీసెయ్యాలి. గుండు తగిలినచోట చుట్టూ ధారాళంగా కోసి పారెయ్యండి, సీసం కదా. తొడ కండకి అల్లం వెల్లుల్లి, పెరుగు పట్టించి రాత్రంతా ఉంచి, ధనియాలూ మిరియాలతో ఇగురు పెడితే చాలా బాగుంటుంది, మా ఇంట్లో నిలవ పచ్చడి కూడా పెడతాం. ఎక్కువైతే హంటర్స్ షేరింగ్ ద హార్వెస్ట్ అని 1991 నించి ఒక ప్రోగ్రాం నడుస్తోంది, దానిలో ఉన్న కసాయి షాపుకి ఇస్తే ఫుడ్ బ్యాంకులకి చేరుతుంది.

సరే, ప్రశ్నలు. ఆ చివర తమ్ముడు... వీసా మీద ఉన్నవాళ్ళు చెయ్యొచ్చా అని అడుగుతున్నాడు. మంచి ప్రశ్న. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు మామూలు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే దానికి మినహాయింపు ఉంది. పాతకాలం పద్ధతి మజిల్‌లోడర్లు 1968 నాటి ఫెడరల్ తుపాకుల చట్టంలో తుపాకీ అన్న నిర్వచనంలోకే రావు. కానీ రాష్ట్రాల చట్టాలు వేరు, పక్కనున్న న్యూజెర్సీలో రూల్స్ వేరు. నా మాట విని కొనెయ్యకు తమ్ముడూ, ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడు, ఆయన రాసిచ్చింది దగ్గర పెట్టుకో. గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఆగినా ఏమీ కాదు, ఈలోగా హంటర్-ట్రాపర్ ఎడ్యుకేషన్ క్లాసు చదువుకో, మొదటిసారి లైసెన్స్ తీసుకునేవాళ్ళకి అది ఎలాగూ కావాలి, దాని మీద మజిల్‌లోడర్ లైసెన్స్ విడిగా తీసుకోవాలి. అడవిలో ఆరెంజ్ కోటు వేసుకో, ఆ సీజన్‌కి రూల్ ఉన్నా లేకపోయినా.

అక్కా, మీరు చెప్పండి... ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఇలాంటిది ఇంట్లో ఎలా పెడతారు అంటున్నారు. ఇది అందరూ వినాలి. కారులో తెచ్చేటప్పుడు ప్యాన్‌లో రంజకం తీసేస్తే చట్టం దృష్టిలో అది ఖాళీ తుపాకీ, కానీ లోపల మందూ గుండూ ఉన్నాయి కదా, నేను ఆ స్థితిలో గడప దాటనివ్వను. చీకటి పడేముందు అడవిలోనే మట్టి గట్టు చూసి పేల్చేస్తా, లేదంటే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో గుండుని బయటికి తోసే చిన్న పరికరం అమ్ముతారు, దాంతో తీసేస్తా. అదే రాత్రి వేడినీళ్ళు, సబ్బుతో కడగాలి, ఎంత అలిసిపోయినా సరే, ఈ మందు మసి తేమని పీల్చి రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి, రాయి ఊడదీసి, తుపాకీ తాళం బీరువాలో, మందు ఇంకో చోట ఇంకో తాళంలో. ఇవి పైకి చూస్తే నిండుగా ఉందో ఖాళీగా ఉందో ఎవరికీ తెలీదక్కా, పాత ఇళ్ళల్లో గోడకి తగిలించిన వాటిల్లో కూడా లోపల మందు ఉన్నవి బయటపడుతుంటాయి. అందుకని ఎవరింట్లో ఏ మజిల్‌లోడర్ చేతికిచ్చినా మూతి ముందు మొహం పెట్టకుండా, మొదట రామ్‌రాడ్ లోపలికి దించి గీత ఎక్కడ ఆగిందో చూడండి.